చలికాలంలో చూసి ఇల్లు కొనకండి

ప్రశ్న: మేము మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన నోవైలో 28 ఏళ్ళుగా ఉంటున్నాం. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి 67, నాకు వచ్చే మార్చికి 65 నిండుతాయి. ఆయనకి బీపీ, షుగర్ ఉన్నాయి, నాకు మోకాళ్ళ నొప్పులు. కిందటి చలికాలం డ్రైవ్‌వేలో ఐస్ మీద జారి పడ్డాను, మణికట్టు విరిగింది. అప్పటినుంచి మావారు ఫ్లోరిడా వెళ్ళిపోదాం అని ఒకటే పట్టు. ఫిబ్రవరిలో టాంపాలో ఆయన స్నేహితుడి ఇంటికి వెళ్ళొచ్చాక అది మరీ ఎక్కువైంది. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో అక్కడి ఇళ్ళే చూస్తుంటారు. స్నో లేదు, స్టేట్ ట్యాక్స్ లేదు, చికాగోలో ఉన్న అమ్మాయి దగ్గరికి విమానంలో మూడు గంటలు కూడా పట్టదు, మనం ఎండలో పుట్టినవాళ్ళమే కదా అంటారు. నేను పుట్టింది పిడుగురాళ్ళలో, కాదనలేను. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. మనవడికి నాలుగేళ్ళు. విశాఖలో మాకు చిన్న ఫ్లాట్ ఉంది, ఆడపడుచు వాళ్ళు అక్కడికే వచ్చేయమంటున్నారు. ఏం చేయమంటారు? (పేరు వేయవద్దు)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు ముందుగా కనిపించిన మాట ‘ఫిబ్రవరి’. ఫిబ్రవరిలో టాంపా వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోదామనే తిరిగొస్తారు. పగలు 70 డిగ్రీల ఫారెన్‌హీట్, చెమట పట్టదు, సాయంత్రం సన్నగా చల్లగాలి. ఆ రోజే మీ ఇంటి ముందు అడుగెత్తు స్నో ఉంటుంది. ఫిబ్రవరిలో ఫ్లోరిడా అంటే పెళ్ళిచూపులకు వచ్చిన పెళ్ళికొడుకు లాంటిది. అసలు స్వభావం జులైలో బయటపడుతుంది.

అందుకని నా సలహా ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది ఇల్లు అమ్మొద్దు, అక్కడ కొనొద్దు. వచ్చే జులై మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా టాంపా చుట్టుపక్కల ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఇద్దరూ ఉండండి. స్నేహితుడి ఇంట్లో కాదు, విడిగా. కూరగాయలు మీరే తెచ్చుకోవాలి, కరెంటు బిల్లు మీరే కట్టాలి, ఆయన షుగర్ మాత్రలు అక్కడి ఫార్మసీలోనే తీసుకోవాలి. ఆ తర్వాత కూడా ఆయనకి నచ్చితే, మీకూ నచ్చితే, అప్పుడు కొనే సంగతి మాట్లాడుకోవచ్చు.

ముందు ఆయన వైపు న్యాయం చెప్పాలి. మీవారి భయం ఊరికే వచ్చింది కాదు. ఐస్ మీద పడిన మనిషి మళ్ళీ పడదన్న హామీ లేదు. ఈసారి మణికట్టు, రేపు తుంటి ఎముక అయితే సంగతి వేరు. బీపీ, షుగర్ ఉన్న 67 ఏళ్ళ మనిషి చలిలో స్నో ఎత్తిపోయడం గుండెకు నిజంగానే ప్రమాదం. చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి, పైన బరువు పని. ఏటా చలికాలంలో స్నో తీస్తూ గుండెపోటు వచ్చినవాళ్ళు ఎమర్జెన్సీకి వస్తూనే ఉంటారు. వెళ్ళినా వెళ్ళకపోయినా, ఈ చలికాలం నుంచి ఆ పార ఆయన చేతికి ఇవ్వకండి. సీజను మొత్తానికి ఒక మనిషిని మాట్లాడుకోండి, ఉప్పు చల్లడం కూడా అతని పనే. మీరు బూట్లకు తొడుక్కునే ఐస్ క్లీట్స్ కొనుక్కోండి. ఫ్లోరిడాలో ఇల్లు కొనే ఖర్చుతో పోలిస్తే ఇది ఏ మూలకీ రాదు.

వెచ్చటి ఊళ్ళో ఇంకో లాభం, ఏడాదిలో ఎక్కువ రోజులు బయటికి వెళ్ళి నడవొచ్చు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా టాంపా హాయిగా ఉంటుంది. మిషిగన్‌లో కుండీలో పెట్టి లోపలికీ బయటికీ మోసే కరివేపాకు మొక్క అక్కడ పెరట్లో చెట్టవుతుంది. మోకాళ్ళ సంగతికి వస్తే, చలికి నొప్పులు పెరుగుతాయని మనందరం అంటాం గానీ, వెచ్చటి ఊరికి మారితే కీళ్ళ జబ్బు తగ్గుతుందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. పరిశోధనల్లో ఒకదానికొకటి పొంతన లేదు. మోకాళ్ళకు మేలు చేసేది నడక, కండరాల బలం, బరువు తగ్గడం. ఎండాకాలంలో మధ్యాహ్నం బయటికి వెళ్ళలేక ఏసీలో కూర్చుంటే ఆ నడక అక్కడా ఉండదు. మిషిగన్‌లో జనవరి ఎలాగో, టాంపాలో జులై అలాగే. ఇంట్లో కూర్చోబెట్టే నెలలు మారతాయి, అంతే.

ఇక ‘మనం ఎండలో పుట్టినవాళ్ళం’ అన్న మాట. పల్నాడు ఎండ సంగతి నాకూ తెలుసు, రెంటచింతల పేరు ప్రతి వేసవిలో పేపర్లో చూస్తూనే పెరిగాం. కానీ ఎండను తట్టుకునే శక్తి పుట్టుకతో వచ్చి జీవితాంతం ఉండేది కాదు. ఒళ్ళు ఎండకు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఎండకు దూరమైతే నెలరోజుల్లోపే ఆ అలవాటు పోతుంది. మీరు 28 ఏళ్ళుగా దూరంగా ఉన్నారు. పైగా పిడుగురాళ్ళలో తిరిగిన ఒళ్ళు ఇరవై ఏళ్ళది. వయసు మీద పడేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట తక్కువ పడుతుంది. మీవారు వేసుకునే బీపీ మాత్రల్లో ఒంట్లో నీరు తీసేది ఒకటి ఉండొచ్చు. ఎండలో అది నీరసం, కళ్ళు తిరగడం తెచ్చిపెడుతుంది. బీటా బ్లాకర్ రకం మాత్రలు కూడా ఒళ్ళు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. ఆయన ఇన్సులిన్ తీసుకుంటుంటే, వాడుతున్న పెన్ను 86 డిగ్రీలు దాటిన చోట ఉంటే పాడవుతుంది. ఫ్లోరిడా వేసవిలో పార్కు చేసిన కారులో పావుగంట చాలు. ఇవన్నీ డాక్టరుతో మాట్లాడి సర్దుకోగలిగినవే. మాట్లాడకుండా వెళ్ళడమే తప్పు.

ఇంకో తేడా ఉంది. పల్నాడుది పొడి ఎండ, చెమట ఆరిపోతుంది, నీడలోకి వస్తే ప్రాణం లేచొస్తుంది. టాంపాది తేమ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగలు 90 డిగ్రీల చుట్టూ, రాత్రి కూడా 75కి దిగనంటుంది, దాదాపు రోజూ మధ్యాహ్నం ఉరుములతో వాన. చెమట ఆరక ఒళ్ళు చల్లబడదు. దానికన్నా బెజవాడ మే నెలే నయం అనిపించే రోజులుంటాయి. అది చూసి మీవారు అరిజోనా అంటారేమో, అక్కడ పొడి ఎండ కదా అని. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, అంటే మన లెక్కలో 43, తగ్గలేదు. ఆ సంగతి ముందే ఆయన చెవిన వేసి ఉంచండి.

ఇప్పుడు డబ్బు. ‘స్టేట్ ట్యాక్స్ లేదు’ అన్నది నిజమే. కానీ మీకు మిగిలేది ఎంత? మిషిగన్‌లో ఆదాయపు పన్ను 4.25 శాతం, సోషల్ సెక్యూరిటీ (రిటైరైనవాళ్ళకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెన్షన్) మీద అసలు లేదు. 2023లో చేసిన చట్టంతో పెన్షన్, ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లాంటి రిటైర్మెంట్ ఆదాయం మీద పన్నును, ఒక పరిమితి దాకా, మెల్లమెల్లగా తీసేస్తూ వచ్చారు. 2026 పన్ను సంవత్సరానికి ఆ మినహాయింపు పూర్తిగా అమల్లోకి వస్తుంది. అంటే ఫ్లోరిడా వెళ్తే మీకు కొత్తగా మిగిలే పన్ను, మీవారు అనుకున్నంత ఉండకపోవచ్చు. కిందటేడాది మిషిగన్ రిటర్ను తీసి, నిజంగా కట్టింది ఎన్ని డాలర్లో చూడమనండి. ఇంజనీరు కదా, అంకె కనిపిస్తే ఆయనే లెక్క వేస్తారు.

ఇంటి పన్నులో ఇంకో మెలిక ఉంది, చాలామందికి ఇల్లు కొన్నాక గానీ తెలియదు. మిషిగన్‌లో 1994 నుంచి ఒక నియమం ఉంది: ఇంటి ధర ఎంత పెరిగినా, పన్ను వేసే విలువ ఏడాదికి ద్రవ్యోల్బణం రేటు లేదా 5 శాతం, రెండింట్లో ఏది తక్కువైతే అంతే పెరుగుతుంది. అన్నేళ్ళు అదే ఇంట్లో ఉంటే మీ పన్ను పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళ పన్ను కంటే చాలా తక్కువ ఉంటుంది. అమ్మిన రోజు ఆ లాభం పోతుంది. ఫ్లోరిడాలో కూడా ఇలాంటి పరిమితే ఉంది, ఏడాదికి 3 శాతం మించదు. అయితే అది మీరు సొంతంగా కాపురం ఉండే ఇంటికే, ఇది మా సొంత కాపురపు ఇల్లు అని మార్చి 1లోపు హోమ్‌స్టెడ్ అప్లికేషన్ పెట్టుకుంటేనే. కొన్న మరుసటి జనవరికి పన్ను విలువ మార్కెట్ ధరకు ఎగబాకుతుంది. మీవారు ఫోన్‌లో చూసే ప్రకటనల్లో కనిపించే ఇంటి పన్ను, ఇరవై ఏళ్ళుగా అక్కడున్న ముసలాయన కడుతున్నది కావచ్చు. మీకు వచ్చే బిల్లు వేరు.

దీనికన్నా పెద్ద ఖర్చు ఇన్సూరెన్స్. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. ఫ్లోరిడాలో ఇంటి ఇన్సూరెన్స్ దేశంలోనే అత్యంత ఖరీదైన వాటిలో ఒకటి. కట్టే ప్రీమియం ఒక ఎత్తు, తుఫాను వస్తే మీ జేబులోంచి పోయేది ఇంకో ఎత్తు. మామూలు నష్టానికి డిడక్టిబుల్, అంటే ముందు మీరు భరించే వాటా, వెయ్యో రెండు వేలో ఉంటుంది. హరికేన్ నష్టానికి మాత్రం అది శాతంలో ఉంటుంది, ఇంటి కవరేజీలో 2, 5, ఒక్కోసారి 10 శాతం. 4 లక్షల డాలర్ల కవరేజీ మీద 2 శాతమంటే 8,000, 5 శాతమంటే 20,000 డాలర్లు ముందు మీరు పెట్టుకోవాలి. ఇందులో వరద నష్టం కలవదు. సముద్రం పొంగి నీళ్ళు ఇంట్లోకి వస్తే మామూలు పాలసీ పైసా ఇవ్వదు. దానికి విడిగా ఫ్లడ్ ఇన్సూరెన్స్ కావాలి. ప్రభుత్వ పథకంలో ఇంటికి 2,50,000 డాలర్లే గరిష్ఠం, కట్టాక మామూలుగా 30 రోజులు ఆగితే గానీ అమల్లోకి రాదు. తుఫాను వస్తోందని టీవీలో చూసి కట్టేది కాదు.

తుఫానులంటే ఎక్కడో మయామీలో అనుకోకండి. 2024 సెప్టెంబరు 26న హెలీన్ తీరం దాటింది ఫ్లోరిడా ఉత్తరాన, అయినా సముద్రం పొంగి టాంపా అఖాతం చుట్టూ ఇళ్ళు మునిగాయి. రెండు వారాలు తిరక్కుండానే అక్టోబరు 9న మిల్టన్, టాంపాకి దక్షిణాన సియెస్టా కీ దగ్గర. 30 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. గాలి, నీరే కాదు, మీ వయసువాళ్ళకు ఆ తర్వాత కరెంటు లేని రోజులూ ప్రమాదమే. 2017లో ఇర్మా తుఫాను వెళ్ళిపోయాక, ఫ్లోరిడాలోనే హాలీవుడ్ అనే ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ ఆగిపోయి 12 మంది వృద్ధులు చనిపోయారు. తుఫాన్ల సీజను జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, అంటే ఏడాదిలో సగం. ‘ఖాళీ చేయండి’ అని చెప్తే అర్ధరాత్రి కారులో మూడు నాలుగు గంటలు ఎవరు నడుపుతారు, ఎవరింటికి వెళ్తారు? ఈ ప్రశ్న మీవారిని అడగండి. జవాబు ఉంటే మంచిదే.

అయినా వెళ్ళాలనే తేలితే, తీరానికి దూరంగా, ఎత్తున్న చోట, 2002 తర్వాత కట్టిన ఇల్లు చూడండి. ఆ ఏడాది నుంచి రాష్ట్రమంతటా కొత్త బిల్డింగ్ కోడ్ అమలవుతోంది. ఫ్లడ్ జోన్ (వరద ముప్పున్న ప్రాంతం), ఇవాక్యుయేషన్ జోన్ (తుఫానప్పుడు ఖాళీ చేయమనే ప్రాంతం) రెండూ వేర్వేరు, రెండూ కౌంటీ మ్యాపుల్లో చూసుకోవాలి. కొనే ముందే ఆ అడ్రసుతో ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోండి. సముద్రం కనిపించే పాత కాండోల (అపార్ట్‌మెంటు ఫ్లాట్ల) జోలికి మాత్రం పోవద్దు. 2021 జూన్‌లో మయామీ దగ్గర సర్ఫ్‌సైడ్‌లో అపార్ట్‌మెంటు కూలి 98 మంది పోయాక, మూడంతస్తులు, ఆపైన ఉన్న పాత భవనాలకు తనిఖీలు, మరమ్మతుల నిధి తప్పనిసరి చేశారు. నిధి లేని చోట్ల ఒక్కో ఫ్లాటు మీద వేలకు వేలు వడ్డిస్తున్నారు. ధర తక్కువ కనిపిస్తోందంటే కారణం అదే అయ్యుండొచ్చు.

అమ్మాయి సంగతి. విమానంలో మూడు గంటలే అంటున్నారు గానీ, ఇంటి నుంచి ఇంటికి అది ఏడు గంటల పని, టికెట్టు, సంచుల తూకం, ఆలస్యాలు. నోవై నుంచి చికాగోకి కారులో నాలుగున్నర గంటలు. మనవడికి జ్వరం వస్తే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి పప్పన్నం పెట్టొచ్చు. అమ్మాయి కూడా మీ ఇంట్లో ఏదైనా అయితే అదే రోజు రాగలదు. నాలుగేళ్ళ పిల్లాడు పదేళ్ళవాడయ్యేలోపు మిమ్మల్ని కోరుకునే కాలం అదే. యాభై అయిదు దాటిన వాళ్ళకే కట్టిన కాలనీలు చూస్తుంటే రూల్స్ చదవండి. చాలాచోట్ల పిల్లలు ఏడాదిలో ఇన్ని రోజులే అతిథులుగా ఉండాలని పరిమితి పెడతారు. సెలవులకు వచ్చిన మనవడి రోజులు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి. మీ ఇద్దరిలో ఒకరు ముందు వెళ్ళిపోతే మిగిలినవాళ్ళు ఆ ఇంట్లో ఎలా ఉంటారు? మీకు హైవే మీద డ్రైవింగ్ అలవాటు ఉందా? నోవైలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, అన్నేళ్ళలో మీకు పరిచయమైనవాళ్ళు ఉన్నారు, తాళం చెవి ఇచ్చి వెళ్ళగలిగే పక్కింటివాళ్ళు ఉన్నారు. టాంపాలోనూ మంచి గుడి ఉంది, తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, ఒర్లాండోకి ఆవల టవారెస్‌లో మనవాళ్ళ కోసమే కట్టిన శాంతినికేతన్ అనే రిటైర్మెంట్ కాలనీ కూడా ఉంది, శాకాహార భోజనంతో సహా. అంటే అక్కడ మనుషులు దొరకరని కాదు. 65 ఏళ్ళప్పుడు కొత్త స్నేహాలు చేసుకోవడం మీకు ఇష్టమా కాదా అన్నదే ప్రశ్న. మీవారికి అక్కడ స్నేహితుడు సిద్ధంగా ఉన్నాడు. మీకు ఎవరున్నారు? మనసు ఒప్పుకోవడం లేదు అన్నారే, దానికి కారణం ఇదేనేమో చూసుకోండి.

విశాఖ గురించి. కాపురం మొత్తం ఎత్తేసి వెళ్ళడం నాకు నచ్చలేదు, 65 దాటినవాళ్ళకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఇండియాలో పనిచేయదు. అందులో డాక్టర్ల ఖర్చులకు పనికొచ్చే పార్ట్ బి మానేసి, మళ్ళీ తిరిగొచ్చి కట్టాలంటే లేని ప్రతి పన్నెండు నెలలకూ ప్రీమియం 10 శాతం చొప్పున పెరుగుతుంది, ఎప్పటికీ. అక్కడ కొత్తగా ఇన్సూరెన్స్ తీసుకుంటే ముందు నుంచి ఉన్న బీపీ, షుగర్‌లకు మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు. కానీ డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి విశాఖలో ఉండి రావడం నాకు బాగా నచ్చిన ఆలోచన. ఉక్కపోత ఉండదు, తుఫాన్ల కాలం దాదాపు అయిపోతుంది, ఫ్లాట్ ఉంది, పనిమనిషి దొరుకుతుంది, ఆడపడుచు వాళ్ళు ఉన్నారు. మిషిగన్ ఐస్ తప్పించుకోవడానికి రెండు విమాన టిక్కెట్లు చాలు, రెండో ఇల్లు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఇక్కడి ఇల్లు ఖాళీగా పెట్టేటప్పుడు నీళ్ళు కట్టేసి, హీటు 55 డిగ్రీలకు తగ్గకుండా ఉంచి, వారానికోసారి ఎవరైనా వచ్చి చూసేలా ఏర్పాటు చేసుకోండి. పైపులు పగిలాయంటే విశాఖ సంతోషమంతా ఆవిరి. ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచొచ్చో ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళనీ అడగండి.

చివరిగా, తారీఖు ఉన్న పని ఒకటుంది. ఫ్లోరిడా తేలినా తేలకపోయినా ఇది ఆగదు. మీకు మార్చిలో 65 నిండుతాయి కాబట్టి డిసెంబరు నుంచే మెడికేర్‌కి అప్లై చేయొచ్చు. పార్ట్ బి మొదలైన రోజు నుంచి ఆరు నెలలు మీకు మెడిగ్యాప్ పాలసీ (మెడికేర్ ఇవ్వగా మిగిలిన ఖర్చుకు ప్రైవేటు బీమా) ఏ కంపెనీ అయినా ఇవ్వాల్సిందే, జబ్బులు అడిగి కాదనడానికి వీల్లేదు. ఆ ఆరు నెలలు దాటితే చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం చూసి ఒప్పుకుంటారు, లేదా ఒప్పుకోరు. ప్రీమియం తక్కువని, మెడికేర్ బదులు ప్రైవేటు కంపెనీ తన జాబితాలోని డాక్టర్లతో నడిపే అడ్వాంటేజ్ హెచ్‌ఎంఓ ప్లాన్ తీసుకుంటే, దాని డాక్టర్లు మిషిగన్‌లోనే ఉంటారు. నాలుగు నెలలు ఫ్లోరిడాలో ఉంటే ఎమర్జెన్సీకి తప్ప పెద్దగా పనికిరాదు, ఆరు నెలలు దాటి బయట ఉంటే ప్లాన్ నుంచే తీసేయొచ్చు. అసలు మెడికేర్, దానికి తోడు మెడిగ్యాప్ అయితే దేశంలో మెడికేర్ తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్ళొచ్చు. మెడిగ్యాప్‌లో ప్లాన్ జి, ప్లాన్ ఎన్ లాంటివి విదేశాల్లో ఎమర్జెన్సీకి కూడా కొంత ఇస్తాయి: ప్రయాణంలో మొదటి 60 రోజుల్లోపు, 250 డాలర్లు మీరు పెట్టుకున్నాక 80 శాతం, జీవితకాలానికి 50,000 డాలర్ల దాకా. విశాఖలో మూడు నెలలకు అది సరిపోదు, పైన ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. మీవారిది ఇప్పుడు అడ్వాంటేజ్ ప్లాన్ అయితే, ఆయన నిజంగా ఫ్లోరిడాకి మారిన రోజున ఆ ప్లాన్ పరిధి దాటినట్టే కనుక, షుగర్ ఉన్నా అడగకుండా మెడిగ్యాప్ కొనుక్కునే హక్కు వస్తుంది. పాత కవరేజీ ఆగిన 63 రోజుల్లోపు అప్లై చేయాలి. మిషిగన్‌లో మెడికేర్ సలహాలు ఉచితంగా చెప్పే ప్రభుత్వ కౌన్సెలర్లు ఉన్నారు. ఏజెంటు దగ్గరికి వెళ్ళే ముందు నవంబరులోనే వాళ్ళకి ఫోన్ చేసి, మీ ఇద్దరి మందుల జాబితా దగ్గర పెట్టుకుని మాట్లాడండి.